బొగ్గుబాయి ఓటరుకు విసుగెందుకు?

"ఎవరికేస్తే ఏమున్నది? గెలిచినంక అందరొక్కటే!" ఓట్లు దగ్గరపడితే గోదావరిఖని చౌరస్తాలోనూ, రామగుండం చుట్టుపక్కల పల్లెల్లోనూ వినిపించే మాట ఇది. ప్రచారబండి వెంట పిల్లలు ఉరుకుతారు గాని పెద్దలు తలెత్తి చూడరు. చదువులేనివాళ్ల నిర్లక్ష్యమని దీన్ని కొట్టిపారేసే పెద్దమనుషులున్నారు. అది తప్పు. ఈ విసుగు వెనుక అనుభవం వుంది.

2018 శాసనసభ ఎన్నికల్లో రామగుండం ఓటర్లు టీఆర్ఎస్ అభ్యర్థిని ఓడించి, ఫార్వర్డ్ బ్లాక్ సింహం గుర్తుపై కోరుకంటి చందర్‌ను గెలిపించారు. గెలిచాక ఆయన చేరింది టీఆర్ఎస్‌లోనే! జనం వద్దన్న పార్టీకే జనం ఓటు చేరింది. ఇక ఆ ఓటరుకు ప్రచారం మీద నమ్మకం ఎట్లా నిలుస్తుంది?

బతుకుదెరువు సంగతీ అంతే. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులుండేవారు. 2023 నాటికి మిగిలింది సుమారు 40 వేలు. వారసత్వ ఉద్యోగాలు కోర్టులో 2017లో కొట్టుడుపోయాయి. 2022 నవంబరు 12న రామగుండం సభలో ప్రధాని మోడీ, సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం వాటా వుంది గనుక కేంద్రం ప్రైవేటుపరం చేయజాలదన్నారు. 2024 జూన్‌లో కేంద్రం వేలానికి పెట్టిన బ్లాకుల్లో శ్రావణపల్లి వుంది. సంస్థను అమ్మకపోవచ్చు. కాని కొత్త గని దక్కని సంస్థ ఎన్నాళ్లు బతుకుతుంది?

అయితే జనం ఓటు మీదే విసిగారా? 2023 నవంబరు 30న శాసనసభకు రాష్ట్రంలో 71 శాతం పోలింగు జరిగింది. నెల తిరగకముందే, డిసెంబరు 27న, సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికల్లో 90 శాతానికి పైగా కార్మికులు ఓటేశారు. తన జీతం, తన క్వార్టరు, తన షిఫ్టు గురించి మాట్లాడేదెవరో తేల్చే ఓటు గనుక కార్మికుడు కదిలివచ్చాడు. ఆ ఓటు కోసం కూడా 2017 నుంచి ఆరేళ్లు ఆగవలసివచ్చింది.

ఆ రోజు ఓటులేని వాళ్ల మాటేమిటి? పాతిక వేలకు పైగా కాంట్రాక్టు కార్మికులకు గుర్తింపు ఎన్నికల్లో ఓటు లేదు. 2024లో లాభాల వాటా పంచినప్పుడు పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా 90 వేలు, కాంట్రాక్టు కార్మికునికి 5 వేలు! వీళ్లలో ఎందరో నిన్నటి కూలీలే. ఓపెన్‌కాస్టు కింద పొలం పోతే పట్టాదారుకు పరిహారమొస్తుంది. ఆ పొలంలో నాట్లేసిన కూలీకి కాగితం లేదు, పరిహారమూ లేదు. అతని విసుగును ఎవరు తప్పుపట్టగలరు?

పోలింగు పెరిగినంత మాత్రాన నమ్మకం పెరిగినట్టూ కాదు. 2022 మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం ఓట్లు పడ్డాయి. డబ్బు అందలేదని కొన్ని ఊళ్లలో జనం రోడ్డెక్కిందీ అక్కడే. నోటు తీసుకున్నవాడు రేపు కూలిరేటు ఎట్లా అడుగుతాడు? "నీ లెక్క అప్పుడే తీరిపాయె" అంటాడు నాయకుడు. విసిగి ఇంట్లో కూర్చున్నా లాభం ఆ డబ్బు సంచులవాళ్లకే.

విసుగును పోరుగా మలిచిన జిల్లాలు మనకున్నాయి. 1996లో ఫ్లోరైడ్ నీళ్లతో కుంగిన నల్గొండలో 480 మంది లోక్‌సభకు పోటీపడి, దేశాన్ని తమవైపు తిప్పుకున్నారు. 2019లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేశారు. గెలిచిన అభ్యర్థి బాండు పేపరుపై రాసిచ్చిన పసుపు బోర్డు ప్రారంభం కావడానికి 2025 జనవరి దాకా పట్టింది. రాయించుకోవడం ఒక ఎత్తు, వెంటపడటం మరో ఎత్తు.

కనుక బొగ్గుబాయి కార్మికుడూ, పల్లె కూలీ ఒక్కచోట కూర్చోవాలి. ఏ నాయకుడు ఏ తేదీన ఏం చెప్పాడో పంచాయతీ ఆఫీసు గోడ మీద, బాయి గేటు దగ్గర రాసిపెట్టాలి. ఆరు నెలలకోసారి పిలిచి లెక్క అడగాలి. కాంట్రాక్టు కార్మికునికీ గుర్తింపు ఎన్నికల్లో ఓటుండాలని పర్మినెంటు కార్మికుడే ముందు నిలబడి అడగాలి. ఓటు ఒక్క రోజు పని. మిగిలిన ఐదేళ్ల పని కూడా మనదే.