కణపు ఒత్తిడి – కన్నతల్లిపై నింద

ఆటిజం గూర్చిన నేటి వైద్యశాస్త్ర చర్చలో తరచుగా వినవచ్చే మాట ‘కణపు ఒత్తిడి’. తెలుగులో ఒత్తిడి అన్నా, ఉర్దూలో దబావ్ అన్నా మన యిండ్లలో స్ఫురించే అర్థం మనోవ్యాకులతయే. “కడుపుతో ఉన్నప్పుడు దిగులు పెట్టుకున్నావు, అందుకే బిడ్డ ఇట్లా అయినాడు” అని కోడలిని ఎత్తిపొడిచేవారికి ఈ మాట కొత్త ఆయుధం కాగలదు. ఇది అపార్థమని మేము నిష్కర్షగా చెప్పదలచుకున్నాము.

కణానికి విషం సోకినా, పోషణ తగ్గినా, వైరస్ ప్రవేశించినా అది మాంసకృత్తుల తయారీని తగ్గించుకొని ఆత్మరక్షణకు పూనుకుంటుంది. వాన మొగం చాటేసిన ఏడు రైతు విత్తు చల్లక గింజలు దాచుకొన్నట్లే. ఆపద తొలగినా ఆ తయారీ పుంజుకొనకపోతే ఎదిగే మెదడుకు నష్టం. నాడీకణాల నడుమ సంధులు బలపడడానికి కొత్త మాంసకృత్తులు కావాలి. 2019లో డౌన్ సిండ్రోమ్ లక్షణాలు గల ఎలుకలలో ఈ ప్రతిస్పందనను అదుపు చేయగా జ్ఞాపకశక్తి మెరుగుపడింది. ఆటిజం విషయంలో రుజువులు ఇంకా అసంపూర్ణం. జన్యువుల పాత్ర పెద్దది. ఏమైనా, ఈ ఒత్తిడి తల్లి దిగులుకు మరో పేరు కాదు.

తల్లిని నిందించడం మనవారికే పరిమితం కాదు. 1967లో అమెరికాలో బ్రూనో బెటెల్‌హీమ్ తల్లుల నిరాదరణయే కారణమని గ్రంథమే వ్రాశాడు. శాస్త్రం ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. ఆ లోపల ఎందరు తల్లులు కుమిలిపోయారో!

మన నల్లరేగడి సంగతికి వద్దాము. కాలిఫోర్నియా వ్యవసాయ ప్రాంతంలో 1998–2010 మధ్య జన్మించిన పిల్లలను గూర్చిన పరిశోధన 2019లో వెలువడింది. గర్భవతి నివాసానికి 2,000 మీటర్లలోపు క్లోర్‌పైరిఫాస్ వంటి పురుగుమందులు చల్లినచోట ఆటిజం కొంత హెచ్చుగా కనబడింది. ఇది సంబంధమే గాని కారణ నిరూపణ కాదు. అయితే అక్కడ లెక్కించినది ఇంటికీ చేనుకూ గల దూరం. పత్తి తీసే, మిరపకాయ కోసే మన కూలి తల్లికి ఆ దూరమెక్కడిది? ఏ మందు కొనాలో, ఏ పూట కొట్టాలో నిర్ణయించేది ఆమె కాదు. ఆమె దిగులును తవ్వితీసే పెద్దలు ఆ చేలో కొట్టిన మందు పేరు ఒక్కనాడైనా అడిగారా?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. కనుక అట్టి బిడ్డకు చదువు హక్కు, దయ కాదు. ఇక మందు కొట్టిన చేలోకి గర్భవతిని పనికి పిలవరాదు; ఆ దినాల కూలి ఆమెకు పోనూరాదు. చేను గలవారి బిడ్డలు మన కళాశాలలోనూ చదువుతున్నారు. ఈ మాట ముందుగా వారి యింటనే ఎత్తవలెనని మా కోరిక.