తమ్ముడి డ్రమ్ము, అమ్మ లెక్క

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యి గిన్నెలు సర్దుకుంటుంటే మెల్‌బోర్న్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. పిల్లల చదువులూ, ఎండలూ, చలీ అన్నీ అయ్యాక కాసేపు నసిగి, "అక్కా, అమ్మ వస్తోంది కదా, ఆ డ్రమ్ము ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు.

డ్రమ్మంటే బియ్యం డ్రమ్మో నీళ్ళ డ్రమ్మో అనుకునేరు. వాడు ఇంట్లో బీరు చేసుకునే పాత్ర అది. అమ్మకి డెబ్బై రెండేళ్ళు, కాకినాడలో నా దగ్గరే ఉంటుంది. నవంబరులో మూడు నెలలకి కొడుకింటికి వెళ్తోంది, మొదటిసారి. ఆవిడ కంట ఆ డ్రమ్ము పడకూడదని వాడి తాపత్రయం. గ్యారేజీలో పాత పరుపు వెనకాల పెట్టి దుప్పటి కప్పేస్తే ఎలా ఉంటుందని నన్ను సలహా అడుగుతున్నాడు!

దీని గురించి రాస్తానంటే మావారు "ఇది నువ్వు రాసే సంగతేనా?" అన్నారు. ఇంట్లో ఉన్నదాని గురించి ఇల్లాలు కాకపోతే ఇంకెవరు రాస్తారండీ?

రెండేళ్ళ కిందట మేమిద్దరం అక్కడికి వెళ్ళినప్పుడు చూశాను దాన్ని. వంటింటి పక్కన రెండో ఫ్రిజ్, అందులో పైనుంచి కింద దాకా అదే. కింద గరాటులా సన్నబడే గట్టి ప్లాస్టిక్ పాత్ర, పైన మరమూతకి రెండు గొట్టాలు, ఒక చిన్న మీటరు. ఫ్రిజ్ తలుపుకి బయట కుళాయి. "మంచినీళ్ళు కాబోలు" అనుకుని గ్లాసు పెట్టబోయాను. మా మరదలు గబగబా వచ్చి చెయ్యి పట్టుకుంది.

ఆ మర్నాడు వాడే కూర్చోబెట్టి అంతా చెప్పాడు. నాకు ఆసక్తిగానే అనిపించింది, అబద్ధమెందుకు? మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తియ్యటి పాకాన్ని నీళ్ళలో కలిపి, హాప్స్ అనే చేదు పువ్వులు వేసి కాచి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతారు. ఈస్ట్ ఆ తీపిని తిని ఆల్కహాలునీ, కార్బన్ డయాక్సైడునీ వదులుతుంది. మామూలుగా అయితే ఆ గాలిని బయటికి పోనిచ్చి, వారం పదిరోజులయ్యాక బీరుని సీసాల్లోకి పట్టి, సీసాకి కాస్త చక్కెర వేసి బిరడా కొట్టి, అది మళ్ళీ పొంగేదాకా ఇంకో రెండు వారాలు ఆగాలి. ఒక్కసారికి అరవై చిన్న సీసాలు కడుక్కోవాలి. వాడు పెళ్ళికి ముందు అలాగే చేసేవాడట.

ఈ కొత్త పాత్రలో అదేం లేదు. ఒకటే పాత్ర. అందులోనే పులుస్తుంది. గాలిని పోనివ్వకుండా మూతకున్న చిన్న వాల్వు పట్టి ఉంచుతుంది, పెట్టిన ఒత్తిడి దాటితేనే కాస్త కాస్త వదులుతుంది. పది పదిహేను పీఎస్‌ఐ దగ్గర పెడతానన్నాడు. మన కుక్కరు విజిల్ వేసే ఒత్తిడి కూడా ఇంచుమించు అంతే! పాత్ర మాత్రం 35 దాకా తట్టుకుంటుందట, అంటే కారు టైరంత. లోపల పుట్టిన గాలి లోపలే కరుగుతుంది కాబట్టి బీరుకి బుడగలు అక్కడే వచ్చేస్తాయి, విడిగా చక్కెర వెయ్యక్కర్లేదు. మడ్డి అడుగున గరాటులోకి దిగుతుంది. పైన ఒక బంతి తేలుతూ ఉంటుంది, దానికి కట్టిన గొట్టం ఎప్పుడూ పైనున్న తేట బీరునే లాగుతుంది. ఫ్రిజ్ చలి పెంచి, కుళాయి తగిలిస్తే సరి. ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పొయ్యడం లేదు కాబట్టి బయటి గాలి తగలదు. బయటి గాలి తగిలితే తడిసిన అట్టముక్క వాసన వస్తుందట. దీనికున్న లోటల్లా, డ్రమ్ము ఖాళీ అయితే గానీ ఇంకోటి వెయ్యడానికి లేదు.

"మామ్మ తరవాణి కుండేగా అక్కా ఇది!" అన్నాడు.

ఆ మాటతో నా నోరు కట్టేశాడు. ఈ తరం పిల్లలకి తెలీదేమో గానీ, గోదావరి జిల్లాల్లో తరవాణి తాగని బాల్యం ఉండేది కాదు. కరపలో మా మామ్మగారింట్లో వంటింటి మూల కుదురు మీద కుండ ఉండేది. రోజూ వార్చిన గంజి అందులోనే పోసేది, గుప్పెడు అన్నం వేసేది. అందులోనే పులిసేది, పొద్దున్నే అందులోంచే తేట తీసి, చద్దన్నంలో పోసి ఉప్పు వేసి, నిమ్మాకు నలిపి పెట్టేది. తీసినంత మళ్ళీ పోసేది. ఎసరు పొయ్యిమీద మరిగినంత మామూలుగా ఆ కుండ మూల పులుస్తూ ఉండేది. చెయ్యి తడిగా ఉంటే మాత్రం ఎవర్నీ ఆ దరిదాపులకి రానిచ్చేది కాదు. ఆవకాయ జాడీకీ అదే కట్టుబాటు. మా తమ్ముడు గొట్టాలన్నీ విప్పి మందునీళ్ళతో కడిగి ఆరబెట్టుకునే తీరు చూస్తే ఆవిడ మనవడే అనిపించింది. పనిలో వాడికి వంక పెట్టలేను.

కానీ తరవాణికీ దీనికీ ఒక తేడా ఉంది. తరవాణి రెండ్రోజులు పట్టించుకోకపోతే ముక్కు మూసుకోవాలి. కల్లు ఇంకా తొందర. తెల్లారి చెట్టు మీంచి దింపిన లొట్టిలో తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడుతుంది, మర్నాటికి వెనిగరే. వాటికి వాటి గడువుంది. మా వాడి డ్రమ్ము గొప్పతనమేమిటంటే అది ఆగుతుంది. నెలల తరబడి, ఏ రాత్రి కుళాయి తిప్పినా, చల్లగా, నురగతో. వాడు దాని సుగుణంగా చెప్పిందే నాకు గుబులు పుట్టించింది. ఎందుకో చెప్పాలంటే మా నాన్న సంగతి చెప్పాలి.

నాన్న పోర్టులో గుమాస్తా. మంచివారే, మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరగరు. కానీ సాయంత్రం అయ్యేసరికి సందు చివర కొట్టు ఆయన్ని లాగేది. అమ్మ సీసాలు లెక్కపెట్టేది. బియ్యం డబ్బా వెనక, అటక మీద, బట్టల పెట్టె అడుగున. ఆయన దాచేవారు, ఆవిడ వెతికేది. పాత సామాన్లవాడొస్తే సీసాలు తూకానికి వేసేముందు వరసగా నిలబెట్టి చూసుకునేది. గోడకున్న క్యాలెండరులో తారీఖు పక్కన చిన్న గీతలు. అది పాల లెక్క అనుకునేదాన్ని చాలాకాలం. ఆ గీతలు చూపించే నెలకోసారి నాన్నతో మాట్లాడేది, అరవకుండా. "పోయిన నెల పన్నెండు. ఈ నెల పంతొమ్మిది." ఆయన తల వంచుకునేవారు. నిజానికి అమ్మ చేతిలో ఉన్న ఆయుధం ఆ అంకె ఒక్కటే.

1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన ఉద్యమం ఊరూరా పాకి, అక్కడిదాకా వచ్చింది. అప్పుడు నేను ఇంటరు. కాకినాడ వాళ్ళకి నిషేధమంటే ఏమిటో మీకు తెలుసు కదా, ముప్ఫై కిలోమీటర్ల దూరంలో యానాం! అది పుదుచ్చేరిది, మన చట్టం అక్కడ చెల్లదు. బస్సెక్కి తాళ్ళరేవు దాటితే కావలసినంత. అందరూ నవ్వుకునేవారు, ఇదేం నిషేధమని. మా ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే సందు చివరికి నడిచినట్టు రోజూ యానాం వెళ్ళలేరుగా! నాన్న ఆదివారం వెళ్ళి, సాయంత్రానికి వచ్చి పడుకునేవారు. మిగతా ఆరు రోజులు మనిషి మా మధ్యే ఉండేవారు. క్యాలెండరులో గీతలు నాలుగూ అయిదుకి దిగాయి. నా బీఏ ఫీజు కట్టింది ఆ రోజుల్లోనే. 1997లో సడలించారు. కొట్టు మళ్ళీ సందు చివరికి వచ్చింది.

నిషేధం మళ్ళీ పెట్టాలని నేననడం లేదు. ఆ రెండేళ్ళలో నాటుసారా ఎంత పారిందో, దొంగసరుకు ఎలా వచ్చిందో నాకూ తెలుసు. నేను చెప్పేది ఒకటే. నాన్న మనసు మారలేదు, ఆరోగ్యం మీద భయమూ పుట్టలేదు. ఆయనకీ గ్లాసుకీ మధ్య ముప్ఫై కిలోమీటర్లు వచ్చి కూర్చున్నాయి, అంతే. మా ఇల్లు ఆ రెండేళ్ళు ఆ బస్సు దూరం మీద బతికింది.

మా తమ్ముడి డ్రమ్ము ఆ దూరాన్ని సున్నా చేసింది. కొట్టుకెళ్ళక్కర్లేదు, డబ్బు లెక్కపెట్టక్కర్లేదు, మూత తియ్యక్కర్లేదు. సీసా అయితే అయిపోయిందని తెలుస్తుంది, రెండోది తియ్యాలంటే లేచి వెళ్ళాలి, ఖాళీది ఎక్కడో పెట్టాలి. కుళాయికి అదేం లేదు. ఎంత పట్టుకున్నాడో పట్టుకున్నవాడికే తెలీదు.

"నెలకి ఎన్ని గ్లాసులురా?" అని అప్పుడే అడిగాను. "ఏమో అక్కా, ఫ్రెండ్స్ కూడా వస్తారుగా" అన్నాడు. డ్రమ్ము ఎన్నాళ్ళకి అవుతుందంటే మూడు నాలుగు వారాలన్నాడు. నేను లెక్కల మనిషిని కాదు, కానీ ఇరవై ఏళ్ళు పాలూ గ్యాసూ లెక్క రాసిన చెయ్యి ఊరుకోదు. డ్రమ్ములో 20 లీటర్లు. మన పెద్ద సీసాలు ముప్ఫై. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి వాళ్ళు 2020లో చెప్పిన లెక్క ప్రకారం మనిషి వారానికి పది 'డ్రింకులు' మించకూడదు, ఒక రోజులో నాలుగు మించకూడదు. డ్రింకంటే పది గ్రాముల ఆల్కహాలు. అయిదు శాతం బీరైతే ఆ డ్రమ్ములో దాదాపు ఎనభై డ్రింకులు. అంటే ఒక్క మనిషికి ఎనిమిది వారాలు రావాలి. మరదలు ముట్టదు. మిగతా సగం ఫ్రెండ్సే తాగారో లేదో ఆ కుళాయికే తెలియాలి.

"ఇంట్లో చేసిందేగా వదినా, మందులేవీ కలవవు, బయట తాగేకంటే నయం కదా" అంది మా మరదలు. ఈ మాట తాను నమ్మి అంటోందో, నాచేత అవుననిపించుకుందామని అంటోందో పోల్చుకోలేకపోయాను. ఇంట్లో చేసినంత మాత్రాన ఆల్కహాలు మజ్జిగైపోదు. శుభ్రంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. శుభ్రం వేరు, తక్కువ వేరు.

ఇంకోటి కూడా చూశాను అక్కడ. మా మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. ఒక సాయంత్రం వాడు గ్లాసుని ఏటవాలుగా పట్టుకుని, నురగ పొంగకుండా ఎంత ఒడుపుగా పట్టి తెచ్చి వాళ్ళ నాన్న చేతికిచ్చాడో! అందరూ మెచ్చుకున్నారు. నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. వాడి వయసులో నేను నాన్నకి గోళీసోడా తెచ్చిపెట్టేదాన్ని. చిల్లర మిగిలితే నాకే.

మన దగ్గర ఇదంతా ఎవరూ మొదలుపెట్టకండి. ఆంధ్రాలో 1968 నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా కల్లు గీసినా, బీరు చేసినా నేరమే. అక్కడ సొంత వాడకానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు, బట్టీ పెట్టి సారా కాయకూడదు. అమెరికాలో కూడా 1978లో కార్టర్ సంతకం పెట్టిన చట్టంతో ఇంటికి ఏడాదికి రెండు వందల గ్యాలన్ల దాకా చేసుకోనిచ్చారు. అంచేత మన పిల్లలు ఎందరో అక్కడ ఈ సరదాలో ఉన్నారు. అది తప్పని నేననను. చట్టం ఒప్పుకుంది, వాడు పెద్దవాడు, సంపాదించుకుంటున్నాడు.

సరే, ఆదివారం వాడికి నేనేం చెప్పానంటే, దాచొద్దురా అన్నాను. పరుపు వెనకాల దాచినదాన్ని వెతకడంలో అమ్మకి ముప్ఫై ఏళ్ళ అనుభవం. మూడో రోజుకి కనిపెట్టేస్తుంది. నువ్వు బీరు చేసుకుంటున్నావని కాదు, దాచావని ఏడుస్తుంది. ఎదురుగా ఉంచు. వంటింట్లో మాత్రం వద్దు, ఆ ఫ్రిజ్ గ్యారేజీకి మార్చు, కావాలంటే చెప్పులేసుకుని వెళ్ళి తెచ్చుకో. పిల్లాణ్ణి కుళాయి ముట్టుకోనివ్వకు. తలుపు మీద ఒక కాగితం అంటించి, పట్టిన ప్రతి గ్లాసుకీ గీత పెట్టు, ఫ్రెండ్స్‌కి ఇచ్చినవి పక్క వరసలో పెట్టు.

"గీతలా!" అన్నాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. క్యాలెండరు వాడికీ గుర్తుంది మరి.

ఫోన్ పెట్టాక నేనే అమ్మ దగ్గర కూర్చుని విషయం చెప్పేశాను. వాడు చెప్పేదాకా ఆగి ఉండాల్సిందేమో, కానీ ఆగలేకపోయాను. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు. తరవాణి కుండ లాంటిదే అమ్మా అని వాడి మాటే వాడాను.

"ఎంత పడుతుంది?" అంది.

"ఇరవై లీటర్లు."

"సీసాల్లో చెప్పు."

"ముప్ఫై."

ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "ఎన్నాళ్ళకి?" అంది.

నాకు తెలీదన్నాను. వాడికీ తెలీదన్నాను. "అయితే వాణ్ణే అడుగుతాలే, వెళ్తున్నాగా" అని పళ్ళెం నా చేతికిచ్చి లేచింది. ఆ సాయంత్రం పెట్టెలో చీరల పక్కన పోయినేడు మిగిలిన కొత్త క్యాలెండరొకటి పెట్టుకుంటుంటే చూశాను. పాతదెందుకమ్మా, ఏడు మారిపోతుందిగా అంటే, వెనక తెల్లగా ఉందిగా అంది.