మోటారు తిరుగుతోంది, కంట్రోలర్ నమ్మట్లేదు

సినిమా షూటింగుల దగ్గర హీరోల కేరవాన్ చూసే ఉంటారు. అమెరికాలో మామూలు కుటుంబాలు కూడా అలాంటి బండేసుకుని ఊళ్లు తిరుగుతాయి. దాన్నే ఆర్‌వీ అంటారు. ఆగినచోట బటన్ నొక్కితే పక్క గోడ, సోఫాతో సహా బయటికి జరిగి గది వెడల్పవుతుంది. బయల్దేరేముందు దాన్ని మళ్లీ లోపలికి లాక్కోవాలి. గోడ బయటుంటే బండి రోడ్డెక్కకూడదు.

యూటాలోని మోయబ్‌లో మా బావ సెకండ్‌హ్యాండ్ ఆర్‌వీ సరిగ్గా అక్కడే మొరాయించింది. రాత్రికి సాల్ట్‌లేక్ సిటీలో అత్తయ్య ఫ్లైటు. నాలుగు గంటల దారి. బటన్ నొక్కితే గోడ కాస్త కదిలి ఆగిపోతోంది. కంట్రోలర్ మీద ఎర్ర లైటు మిణుకుమిణుకు.

"మోటారు కాలిపోయిందంటావా?" అన్నాడు బావ. కాలిపోతే ఆ కాస్తైనా ఎందుకు కదులుతుంది?

ఈ రకం గోడకి రెండు మోటార్లు, చెరో అంచుకీ ఒకటి. పాత బల్ల సొరుగు ఒక పక్కే పట్టి లాగితే ఎలా బిగుసుకుంటుందో తెలుసుగా? ఒక మోటారు ముందు పరిగెడితే గోడకీ అదే గతి. రెంటినీ జోడెడ్లలా నడిపించడమే కంట్రోలర్ పని. దానికి గోడ కనిపించదు. మోటారులో హాల్ సెన్సర్ ఉంటుంది. అయస్కాంతం దాటిన ప్రతిసారీ ఒక పల్స్ పంపుతుంది. (ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సూత్రమే ఇది. మీ ఎలక్ట్రిక్ స్కూటర్ మోటారులోనూ ఉండే ఉంటుంది.) కంట్రోలర్ ఆ పల్సులు లెక్కపెట్టి, ముందున్న మోటారుని తగ్గిస్తుంది. లెక్క రాకపోతే? మోటారు ఇరుక్కుపోయిందనుకుని రెంటినీ ఆపేస్తుంది.

ముందు బ్యాటరీ చూశాం. ఓల్టేజీ పడిపోయినా ఇలాంటి వేషాలే వేస్తుంది. మల్టీమీటర్‌లో 12.6 ఓల్టులు, బటన్ నొక్కినప్పుడు కూడా 12కి పైనే. బ్యాటరీ తప్పు లేదు. తర్వాత కంట్రోలర్ నుంచి మోటార్లకెళ్లే లావు తీగలు. నొక్కగానే రెండువైపులా కరెంటు వస్తోంది. అంటే కంట్రోలర్ పంపుతోంది, మోటారు తిరుగుతోంది, తిరిగానన్న కబురే వెనక్కి రావట్లేదు. ఇక మిగిలింది సెన్సర్, దాని సన్న తీగలు. పవర్ తీసేసి ఎడమవైపు ప్లగ్ ఊడదీస్తే, అందులో ఒక పిన్ను వెనక్కి జారిపోయి ఉంది. బండి కుదుపులకి ఇలా జారడం వింతేం కాదు. అయినా లక్షల రూపాయల బండిలో అగ్గిపుల్లంత లేని పిన్ను పెత్తనం చూస్తే నవ్వొచ్చింది.

"ఏరా, ఫ్లైటు మార్చుకోమంటారా?" అత్తయ్య అప్పటికే రెండుసార్లు అడిగింది.

పిన్ను టక్కుమనేదాకా లోపలికి నొక్కి, ప్లగ్ బిగించి, పవర్ ఇచ్చాం. ఎర్ర లైటు ఆరింది. గోడ మెల్లగా, రెండంచులూ సమానంగా లోపలికొచ్చింది. బావ బటన్ వదిలేయబోతే నేను వద్దన్నాను. మోటార్లు రెండూ చివరికంటా వెళ్లి వాటంతటవే ఆగేదాకా నొక్కే ఉంచాలి. లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేది అప్పుడే.