ముందు నకలు, తర్వాతే మరమ్మతు

బదిలీ ఉత్తర్వు రాగానే మనం గిన్నెలు లెక్కపెడతాం, టీసీ జాగ్రత్త చేస్తాం. కంప్యూటర్‌లో దాచుకున్న బుక్‌మార్కులను మాత్రం పట్టించుకోం. అవీ మన సామానే అని మా అభిప్రాయం.

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే, తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాల నోట తెలుగు వినిపిస్తుంది. మేముండే వీధిలో మాత్రం తెలుగు పుస్తకం దొరకదు. అందుకే ఊరూరా పోగుచేసిన నిఘంటువులు, వికీపీడియా వ్యాసాలు, కథల పేజీలే తెలుగు చెప్పే మాకు గ్రంథాలయం. ఒకరోజు పాత ఫైర్‌ఫాక్స్‌లో ఆ మెనూ ఖాళీగా తెరుచుకుంది. ముందురోజు షట్‌డౌన్ చేయకుండా స్విచ్ ఆపేసింది మేమే.

తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమన్నారు అందరూ. అది తొందరపాటు. ప్రొఫైల్ ఫోల్డర్ అలాగే ఉంటే జబ్బూ ఉంటుంది. దాన్ని చెరిపేస్తే అన్నీ పోతాయి. 2008లో వచ్చిన మూడో వెర్షన్ నుంచి బుక్‌మార్కులు, చూసిన పేజీల చరిత్ర ‘ప్లేసెస్’ అనే ఒకే ఫైలులో ఉంటాయి. బుక్‌మార్కుల నకళ్లు మరో ఫోల్డర్‌లో తేదీలవారీగా ఉంటాయి.

ముందు ప్రొఫైల్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. యాడ్‌ఆన్‌ల వల్లనేమోనని సేఫ్ మోడ్‌లో చూశాం, మార్పు లేదు. బ్రౌజర్ మూసి, ప్లేసెస్ ఫైలు పేరు మార్చి, మళ్లీ తెరిచాం. కొత్త ఫైలు తయారై, నకలు నుంచి బుక్‌మార్కులు తిరిగొచ్చాయి. చరిత్ర, చివరగా చేర్చుకున్న నాలుగైదు పేజీలు మాత్రం రాలేదు.

పిల్లలూ, బుక్‌మార్కులన్నీ చూపే కిటికీలో ‘ఇంపోర్ట్ అండ్ బ్యాకప్’ ఉంటుంది. ఈసారి సామాను సర్దేటప్పుడు అక్కడ ఒక నకలు తీసి, టీసీ పక్కన పెట్టుకోండి.