ఫోను కొన్నవాడిది, తాళం కంపెనీది!

సొమ్ము చెల్లించి కొన్న వస్తువు మీద కొన్నవాడికే హక్కు ఉంటుందన్నది సంతలో గేదెను కొనే రైతుకు కూడా తెలిసిన న్యాయం. కొన్న గేదెకు ఏ ఊరి గడ్డి వేయాలో అమ్మినవాడు వచ్చి శాసించడు. కానీ సెల్‌ఫోను దగ్గర ఈ న్యాయం అన్నివేళలా చెల్లడం లేదు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్న ఫోనులో ఏ కంపెనీ సిమ్ము వేసుకోవాలో అమ్మిన కంపెనీయే నిర్ణయిస్తున్నది. ఇలాంటి వాటిని సెల్ షాపులవారు ‘లాకు ఫోన్లు’ అంటారు. ఈ లాకు సంగతి తెలియక నష్టపోయేది ఎక్కువగా పల్లెవాసులే.

ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మధిర, సత్తుపల్లి, వైరా ప్రాంతాల నుంచి చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్ళినవారు తక్కువ కాదు. వారు సెలవులకు వచ్చేటప్పుడు తాము వాడిన ఫోనును తల్లికో తండ్రికో తెచ్చి ఇవ్వడం మామూలే. ఖరీదైన ఫోను కదా అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. తీరా అందులో బీఎస్ఎన్ఎల్ సిమ్ము వేస్తే, ఈ సిమ్ము ఇందులో పనిచేయదని తెర మీద ఇంగ్లీషులో రాసి వస్తుంది. సిమ్ము చెడిందేమోనని కొత్తది తీసుకుంటారు. అదీ పనిచేయదు. చివరకు ‘చవక కంపెనీ సిమ్ము ఖరీదైన ఫోనుకు సరిపడదు’ అని ఎవరో తేల్చేస్తారు. ఆ మాటలో నిజం లేదు. అమెరికా కంపెనీ తాళం పడి ఉన్నంతవరకు ఎయిర్‌టెల్ సిమ్ము వేసినా, జియో సిమ్ము వేసినా వచ్చే జవాబు అదే.

తాళం ఎక్కడుంది?

ప్రతి సిమ్ములోనూ అది ఏ కంపెనీదో తెలిపే గుర్తు ఒకటి ఉంటుంది. లాకు ఫోను ముందుగా ఆ గుర్తును చూస్తుంది. తనను అమ్మిన కంపెనీది అయితే లోపలికి రానిస్తుంది, కాకపోతే గుమ్మంలోనే ఆపేస్తుంది. ఈ తాళంచెవి సెల్ షాపులోనో, బీఎస్ఎన్ఎల్ కార్యాలయంలోనో దొరకదు. మొదట ఫోను అమ్మిన కంపెనీ దగ్గరే ఉంటుంది.

అమెరికా కంపెనీలు ఈ తాళం వేయడానికి ఒక కారణం ఉంది. అక్కడ వెయ్యి డాలర్ల ఫోనును 24 నెలలు, 36 నెలల వాయిదాల మీద ఇస్తారు. కొన్నిసార్లు ‘ఉచితం’ అని కూడా ఇస్తారు. వాయిదాలు తీరేవరకు ఖాతాదారు వేరే కంపెనీకి పోకుండా తాళం వేస్తారు. అప్పు ఇచ్చినవాడు తాకట్టు పెట్టుకోవడంలో తప్పు పట్టవలసింది లేదు. అయితే అప్పు తీరిన రోజున నగ తిరిగి చేతికి రావాలి. ఫోను విషయంలో కొన్ని కంపెనీల తాళం దానంతట అది తెరుచుకుంటుంది. కొన్నింటిలో ఖాతాదారు అడిగితే తప్ప తెరవరు. ఈ సంగతి తెలియనివారి ఫోనుకు అప్పు తీరినా తాళం అలాగే ఉండిపోతుంది.

ఈ ఇబ్బంది అమెరికాలో ఉన్నవారికీ ఉంది. అక్కడ ఏటీ అండ్ టీ, వెరిజోన్, టీ-మొబైల్ పెద్ద కంపెనీలు. వాటి టవర్లను అద్దెకు తీసుకుని తక్కువ ధరకు సర్వీసు ఇచ్చే చిన్న కంపెనీలు కూడా ఉన్నాయి. పెద్ద కాలువ నుంచి పిల్లకాలువ తీసి నీరు అమ్ముకోవడం లాంటిదే ఇది. కూడబెట్టి చదువుకునే విద్యార్థులకు ఈ చిన్న కంపెనీలే శరణ్యం. అయితే ఏటీ అండ్ టీ తాళం ఉన్న ఫోనులో, టీ-మొబైల్ టవర్ల మీద నడిచే మింట్ సిమ్ము పనిచేయదు. నెలనెలా మిగలవలసిన డబ్బు తాళం దగ్గరే ఆగిపోతుంది.

మన దేశంలోనూ ఉంది

ఇదంతా అమెరికా గొడవ అనుకుంటే పొరపాటు. 2003లో రిలయన్స్ కంపెనీ మొదట 501 రూపాయలు కట్టించుకుని, మిగతాది వాయిదాల మీద పెట్టి సెల్‌ఫోన్లు ఇచ్చింది. సామాన్యుడి చేతికి ఫోను అందించిన ఘనత దానికి ఉంది. కానీ సిమ్ము మార్చుకునే వీలు ఆ ఫోన్లలో లేదు. 2017 డిసెంబరులో ఆ కంపెనీ మొబైలు మాటల సర్వీసు ఆపేసింది. కంపెనీ పోయాక ఆ పాత ఫోన్లు పిల్లలకు ఆటబొమ్మలు కావడం తప్ప మరెందుకూ పనికిరాలేదు.

2017లోనే జియోఫోను వచ్చింది. 1,500 రూపాయలు డిపాజిట్టు కట్టాలి, మూడేళ్ళ తర్వాత తిరిగి ఇస్తారని చెప్పారు. 2023లో 999 రూపాయలకు జియోభారత్ ఫోను వచ్చింది. ఈ రెండూ జియో సిమ్ముతోనే పనిచేసేలా తయారైనవి. చవకగా 4జీ ఫోను దొరకడం పేదవారికి మేలే, కాదనలేం. కానీ చవకగా దొరికిన ఆ ఫోనుకు రీఛార్జి కట్టక తప్పదు. రీఛార్జి రేటు పెరిగిననాడు వేరే దారి లేకపోవడమే అసలు కష్టం.

ఆ కష్టం 2024 జులైలో కళ్ళకు కట్టింది. ఆ నెల మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ రేట్లు పెంచాయి. బీఎస్ఎన్ఎల్ పెంచలేదు. దేశమంతటా లక్షల మంది ఆ నెలల్లో బీఎస్ఎన్ఎల్‌కు మారారు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు ఉంది కనుక వారికి అది సాధ్యమైంది. కానీ తాళం ఫోను ఉన్నవారు మారాలంటే నంబరు వస్తుంది, ఫోను రాదు. మరో ఫోను కొనాలి. నెలకు యాభయ్యో వందో ఆదా చేద్దామనుకున్న కూలీ, వేలు పెట్టి ఇంకో ఫోను కొనగలడా? నంబరుకు వచ్చిన స్వేచ్ఛ ఫోనుకు రాకపోతే ఆ స్వేచ్ఛ సగమే.

ఏజన్సీ పల్లెల్లో ఇది రేట్లతో పోయే విషయం కాదు. సిగ్నలు లేని 24,680 గ్రామాలకు 4జీ అందించే పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2022 జులై 27న ఆమోదించింది. ఖర్చు 26,316 కోట్ల రూపాయలు, బాధ్యత బీఎస్ఎన్ఎల్‌ది. అడవి గూడేలలో బీఎస్ఎన్ఎల్ టవరు ఒక్కటే దిక్కైన చోట వేరే కంపెనీ తాళం ఉన్న ఫోను టార్చిలైటుగా తప్ప పనికిరాదు. రేషన్ కార్డు పనికి ఓటీపీ రావాలన్నా, అర్ధరాత్రి పురుడొస్తే ఆశా కార్యకర్తను పిలవాలన్నా ఆ ఇంట్లో ఫోను ఉండీ లేనట్లే.

జాగ్రత్తలు

ఇటువంటి నష్టం రాకుండా చూసుకోవడం కొంతవరకు కొనేవారి చేతిలోనూ ఉంది. అమెరికా నుంచి ఫోను తెచ్చేవారు అక్కడ ఉండగానే, ఖాతా నడుస్తుండగానే తాళం తీయించుకోవాలి. వాయిదాలన్నీ తీరి ఉండాలి. ఫోను దొంగిలించబడినట్లు ఫిర్యాదు ఉండకూడదు. కొన్ని కంపెనీలు ఇన్ని రోజులు వాడి ఉండాలని కూడా షరతు పెడతాయి. ఖాతా మూసేసి ఊరు చేరాక అడిగితే పని కష్టమవుతుంది. ఐఫోను అయితే సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ చూడాలి. ‘క్యారియర్ లాక్’ అన్నచోట ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే తాళం లేనట్లు.

తాళం లేకపోయినా మరి రెండు సంగతులు చూసుకోవాలి. 2022లో వచ్చిన ఐఫోను 14 మొదలుకొని అమెరికాలో అమ్మే ఐఫోన్లకు సిమ్ము పెట్టే అరే లేదు. ఈ-సిమ్ ఉంటేనే పనిచేస్తాయి. కాబట్టి ఈ-సిమ్ విషయం ముందుగా బీఎస్ఎన్ఎల్ కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి. రెండోది, బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్ తరంగాల మీద నడుస్తుంది. వీటిని అందుకోలేని ఫోనులో మాటలు వినిపించినా ఇంటర్నెట్ నత్తనడకే.

ఇక్కడ పాత ఫోను కొనేవారు డబ్బు ఇవ్వకముందే తమ సిమ్ము అందులో వేసి, ఒకరికి ఫోను చేసి చూడాలి. ఈ ఒక్క నిమిషం పరీక్షకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది. దొడ్డిదారిన తాళం తీస్తామనేవారిని నమ్మరాదు. అలా తీసిన తాళం మళ్ళీ పడిపోయే ప్రమాదం ఉంది. ఇక ఫోనుకు గుర్తింపుగా ఉండే 15 అంకెల ఐఎంఇఐ నంబరును మార్చడం 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం నేరం. మూడేళ్ళ దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

చట్టం రావాలి

జాగ్రత్త చెప్పి ఊరుకుంటే చాలదు. తాళం మీద పట్టుపట్టి ప్రజలు గెలిచిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలో 2013 జనవరిలో కంపెనీ అనుమతి లేకుండా కొత్త ఫోను తాళం తీయడం చట్టవిరుద్ధమైంది. దాని మీద లక్షకు పైగా జనం సంతకాలు చేసి ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా సంతకంతో తాళం తీసుకునే హక్కు తిరిగి వచ్చింది. కెనడాలో 2017 డిసెంబరు 1 నుంచి కొత్త ఫోన్లను తాళం లేకుండానే అమ్మాలన్న నియమం అమలైంది. బ్రిటన్‌లోనూ 2021 డిసెంబరు నుంచి తాళం ఫోన్ల అమ్మకాన్ని ఆపేశారు. అక్కడ కంపెనీలేమీ దివాలా తీయలేదు.

మన దేశంలో ట్రాయ్, టెలికాం శాఖ ఈ పాటి శ్రద్ధ చూపవలసి ఉంది. ఒక కంపెనీ సిమ్ముతోనే పనిచేసే ఫోను పెట్టె మీద ఆ సంగతి తెలుగులో, కంటికి ఆనే అక్షరాలతో అచ్చువేయించాలి. ఫోను పూర్తి ధర చెల్లించినవారికి, షరతు గడువు తీరినవారికి ఉచితంగా తాళం తీసి ఇవ్వాలి. కంపెనీ సర్వీసు మూసుకుంటే ముందుగా తాళాలన్నీ తీసి మరీ పోవాలి. కొనే వస్తువు గురించి పూర్తిగా తెలుసుకునే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. తాళం సంగతి దాచి ఫోను అంటగట్టినవారి మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపు తట్టవచ్చు.

సెల్ షాపుకు వెళ్ళినవారు ధర ఎంత, బ్యాటరీ ఎన్నాళ్ళు వస్తుంది అని అడుగుతున్నారు. వాటితోపాటు ‘ఏ సిమ్ము అయినా పనిచేస్తుందా?’ అన్న మాట కూడా అడగడం అలవాటు చేసుకోవాలి. పది ఊళ్ళవాళ్ళు ఆ ప్రశ్న గట్టిగా అడిగితే షాపువాడు కంపెనీని అడుగుతాడు. జిల్లాలోని ప్రజాప్రతినిధులు ఈ సమస్యను పార్లమెంటులో లేవనెత్తి, కొన్న ఫోను కొన్నవాడిదే అయ్యేలా చూడవలసిన అవసరం ఎంతైనా ఉంది.