హీరాము చేతిపని

ఉద్దానం కిడ్నీ రోగుల కోసం ప్రార్థించేటప్పుడు డాక్టర్లతోపాటు ఆసుపత్రి ఇంజనీర్లను కూడా తలచుకోవాలని మేమంటాం. నాలుగు గంటల డయాలసిస్‌కు ఒక్క రోగికే సుమారు 120 లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. ఆ నీరిచ్చే ఆర్‌ఓ ప్లాంటు ఆగిపోతే ఎంత పెద్ద డాక్టరున్నా ఏమీ చేయలేడు. కవిటి నుంచో, సోంపేట నుంచో ఆటో ఎక్కి వచ్చినవారు వెనక్కి పోవాలి. ఒక్క వాయిదా తప్పినా ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం పడుతుంది.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. సంతోషమే. యంత్రాలను కాపాడే పని మాత్రం రోజూ ఉంటుంది.

ఈ పనివారు దేశాల ఎల్లలు దాటి ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. 2015లో చైనాలోని హాంగ్‌జౌలో క్లినికల్ ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ మహాసభ జరిగింది. ఏటా అక్టోబరు 21 వారి దినం. మందిరపు ఇత్తడి పనికి సొలొమోను తూరు నుంచి హీరామును పిలిపించాడు గదా (1 రాజులు 7). తండ్రి తూరువాడు, తల్లి నఫ్తాలి గోత్రపు విధవరాలు. పొరుగు దేశపు నేర్పు దేవుని ఇంటికి పనికిరాదని రాజు అనుకోలేదు.

విదేశీ సంఘం ఏదైనా యంత్రం పంపుతామంటే మనవాళ్లు ముందు శిలాఫలకం చెక్కిస్తారు! ముందు అడగవలసింది వేరు. విడిభాగాలు దొరుకుతాయా? మన కరెంటు హెచ్చుతగ్గులకు తట్టుకుంటుందా? బాగుచేయడం ఇక్కడి కుర్రాళ్లకు ఎవరు నేర్పుతారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానాల విషయంలో ఇలాంటివే చూసుకోమంటుంది. అడిగితే దాత నొచ్చుకుంటాడని వెనకాడనక్కర్లేదు.

అక్టోబరు 21కి దగ్గరి ఆదివారం, మీ దగ్గరి ఆసుపత్రిలో యంత్రాలు చూసే మనిషి పేరు కనుక్కొని ఆరాధనకు రండి. పేరుపెట్టి ప్రార్థిద్దాం.