మంచులో ముగ్గురు వేటగాళ్ళు

పిల్లలూ! “ఒంటరితనం అంటే ఏమిటో బొమ్మ వేసి చూపించండి” అని మీ డ్రాయింగు మాస్టారు అడిగారనుకోండి. మీరేం వేస్తారు? చాలామంది ఒక పెద్ద బయలు వేసి, దాని నడుమ ఒక్క మనిషిని నిలబెడతారు. అది తప్పేమీ కాదు. కాని సుమారు 460 ఏళ్ళ కిందట ఒక చిత్రకారుడు బోలెడంతమంది జనం వున్న బొమ్మ వేసి, అందులోనే ఒంటరితనం చూపించాడు. ఎలా చూపించాడో ఈ నెల తెలుసుకుందాం.

ఆయన పేరు పీటర్ బ్రూగల్. ఇప్పుడు బెల్జియం అని పిలిచే దేశంలో, ఆంట్‌వెర్ప్, బ్రస్సెల్స్ నగరాలలో వుండేవాడు. ఒక సంపన్న వర్తకుడు తన ఇంట్లో పెట్టుకోవటానికి, ఏడాది పొడుగునా ఋతువులు మారే తీరును ఆయన చేత వేయించాడు. 1565లో వేసిన ఆ చిత్రాలలో అయిదు మాత్రం మనకు మిగిలినవి. అందులో చలికాలపు చిత్రమే “మంచులో వేటగాళ్ళు”. దీన్ని చెక్క మీద నూనె రంగులతో వేశాడు. వెడల్పు 162 సెంటీమీటర్లు, ఎత్తు 117 సెంటీమీటర్లు. ఇప్పుడిది ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక మ్యూజియంలో వున్నది.

మన ఊళ్ళలో మంచు అంటే తెల్లవారుజామున గడ్డి మీద తడి, దారి కనబడనివ్వని పొగ. అక్కడి మంచు అలాటిది కాదు. దూదిపింజల్లాగా రాలి, నేల మీద అడుగుల మందాన పేరుకుంటుంది. కొత్తగా పడిన మంచు రేకుల మధ్య గాలి చిక్కుకుని వుంటుంది. ఆ సందులలోకి పోయిన చప్పుడు చాలావరకు తిరిగి రాదు. అందుకే మంచు కురిశాక ఊరంతా ఎవరో దుప్పటి కప్పినట్టు సద్దు మణిగిపోతుంది. బొమ్మకు చప్పుడు లేదు గదా! అయినా మంచు బొమ్మ చూస్తే ఆ నిశ్శబ్దం వినిపిస్తున్నట్టే వుంటుంది.

ఇక చిత్రంలోకి వెళదాం. ఎడమ పక్కన, మనకు బాగా దగ్గరలో, ఒక మిట్ట మీద ముగ్గురు వేటగాళ్ళు నడిచిపోతున్నారు. వారి వెంట కుక్కల గుంపు వున్నది. వాళ్ళ వీపులే మనకు కనిపిస్తాయి. ముఖాలు చూపించకుండా మనుషుల బాధ ఎలా చెప్పటం? బ్రూగల్ వంగిన భుజాలతో చెప్పాడు. మంచులో కూరుకుపోయే కాళ్ళతో చెప్పాడు. తలలు వేలవేసుకుని నడిచే కుక్కలతో చెప్పాడు. ఒకడి భుజాన వున్న ఈటెకు ఒక్క బక్క నక్క వేలాడుతున్నది. అంతమంది మనుషులు, అన్ని కుక్కలు చలిలో తిరిగి తెచ్చింది అంతే!

వాళ్ళ పక్కనే ఒక పూటకూళ్ళ ఇల్లు. దాని పేరు పలక ఒక కొక్కెం వూడి వంకరగా వేలాడుతున్నది. ఇంటి ముందు కొందరు పెద్ద మంట వేశారు. చిత్రమంతటిలోకీ వెచ్చని రంగు ముఖ్యంగా అక్కడే వున్నది. కాని వేటగాళ్ళు ఆ మంట దగ్గర ఆగలేదు. మంట దగ్గరివారు వీళ్ళకేసి తల తిప్పనూ లేదు.

మిగిలిన రంగులు చూడండి. ఆకాశం పచ్చదనం కలిసిన బూడిదరంగు. కింద గడ్డకట్టిన చెరువులకూ అదే రంగు. పైనా చలే, కిందా చలే! వాటి నడుమ ఆకులు రాలిన చెట్లు నల్లగా నిలబడ్డాయి. కొమ్మల మీద పక్షులు ముడుచుకుని కూర్చున్నాయి. కుడి పక్కన మర చక్రం కూడా గడ్డకట్టి ఆగిపోయింది.

మరి జనం ఎక్కడ? మిట్ట కింద, దూరాన వున్నారు. గడ్డకట్టిన చెరువుల మీద చీమలంత పిల్లలూ పెద్దలూ జారుతూ, కర్రలు పట్టుకుని ఆటలాడుతూ, పడుతూ లేస్తూ సంబరపడుతున్నారు. మనం వేటగాళ్ళ వెనక నిలబడి ఆ సంబరం చూస్తున్నాం. నవ్వులు కనిపిస్తాయి గాని వినిపించవు. వాళ్ళలో ఒక్కరూ పైకి చూడటం లేదు.

అసలు రహస్యం అదే. ఈ బొమ్మలో ఒంటరితనం మనుషులు లేకపోవటం వల్ల రాలేదు. మనుషులు వుండీ, దూరంగా వుండటం వల్ల వచ్చింది.

నమ్మకం కలగకపోతే ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఈ బొమ్మ ప్రతి ఒకటి సంపాదించి వేటగాళ్ళను చేత్తో కప్పండి. వెంటనే అది పండగనాటి ఊరులా కనిపిస్తుంది. తరవాత చెరువులను కప్పండి. ముగ్గురు అలసిన మనుషులు మాత్రం మిగులుతారు. చెయ్యి తీసెయ్యండి. రెండూ ఒకచోట కనిపించగానే మనసు చివుక్కుమంటుంది.

అయితే బ్రూగల్ ఆ ముగ్గురినీ అక్కడే వదిలెయ్యలేదు. చెట్ల వరస ఎటు పోతున్నదో వేలితో గీసి చూడండి. అది మిట్ట మీదినుంచి నేరుగా ఊరివైపుకే దిగుతుంది. చాలా కుక్కల తలలూ అటే వున్నాయి. వాళ్ళకింకా నడక మిగిలింది గాని, దారి మాత్రం వున్నది.

మీ బడి ఆటస్థలంలో కూడా రోజూ ఇలాటి బొమ్మ ఒకటి వుంటుంది. నడుమ ఆట సాగుతూ వుంటుంది. గోడ పక్కన ఎవరో ఒకరు నిలబడి చూస్తూ వుంటారు. బ్రూగల్ బొమ్మలో చెరువు మీది పిల్లలు తల ఎత్తలేరు, ఎందుకంటే వాళ్ళు రంగులతో వేసిన పిల్లలు. మీరు ఎత్తగలరు గదా!